జావా 250 విప్పుతున్న ఫైనలియర్ పిల్లలకి

పాత జావా 250 బైకుని ప్రాజెక్టుగా ఎంచుకోవడం మంచి పని. సైలెన్సర్లు రెండున్నా సిలిండర్ ఒక్కటే. టూ స్ట్రోక్ ఇంజన్, మైసూరులో 1961 నుంచి తయారైంది. పిల్లలతో కలిసి పనిచేశాక నాకు బలంగా అనిపించింది: పెయింటు, క్రోమియం మోజు చివరికి ఉంచుకోండి, ముందు క్రాంక్ ఆయిల్ సీళ్లు (క్రాంక్ షాఫ్ట్ రెండు చివరలా గాలి, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చండి.

కుడివైపు, డైనమో వెనక సీలు పోతే బయటి గాలి లోపలికి లాగేస్తుంది. గాలితో కలిసే పెట్రోలు వాటా తగ్గి, ఐడ్లింగ్ దానంతటదే పెరిగి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఎడమవైపుది పోతే క్లచ్ వైపు ఆయిల్ లోపలికెళ్లి ఆగకుండా తెల్లపొగ, ప్లగ్ జిడ్డు. ఇక కార్బురేటర్ ఎంత తిప్పినా లాభం లేదు.

స్టాండర్డ్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 65 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ చేతికొచ్చాకే, దాన్ని కొలిచి, బ్లాకుని బోరింగ్‌కి ఇవ్వండి. తిరిగొచ్చాక పోర్టుల (సిలిండర్ గోడలో గ్యాసు వచ్చిపోయే కంతలు) అంచుల మీద వేలు నెమ్మదిగా పెట్టి చూడండి. బ్లేడులా తగిలితే సన్న ఎమెరీతో మొన విరగ్గొట్టాలి, లేకపోతే రింగు అక్కడే తట్టుకుని విరుగుతుంది. రింగుని ఒంటరిగా బోరులో దించి, పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) రింగు కొసల మధ్య గ్యాప్ చూడండి, 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే చాలు.

ఇగ్నిషన్ కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. కొత్త పిస్టన్‌కి మొదట్లో లీటరు పెట్రోలుకి 50 మి.లీ. టూటీ (2T, టూ స్ట్రోక్) ఆయిల్ కలపండి.

పౌడర్ కోటింగ్ అయ్యాక ఎర్త్ బోల్టు కింద రంగు గీకడం మర్చిపోకండి, 6 వోల్టుల వైరింగ్‌కి ఆ పొర చాలు లైటు మసకబారడానికి.