ఆ టోపీ మా నాన్నదే

నేను ఐర్లాండ్‌లో మేయో కౌంటీలో ఒక నర్సింగ్ హోమ్‌లో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌ని, అంటే పెద్దవాళ్ళని లేపడం, స్నానం చేయించడం, బట్టలు వేయడం, టీ తాగించడం, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఇదే. ఊర్లో మా అమ్మ మాత్రం అందరికీ నర్సు అనే చెప్పుకుంటోంది, నేనూ సరిచేయలేదు.

ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలవాలి. నా వింగ్‌లో 90 దాటిన ఒకావిడ ఉంది, అమ్మమ్మ వయసు ఆవిడని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక మొదటి నెలంతా హలోలతోనే నెట్టుకొచ్చా. ఆవిడకి మతిమరుపు, పొద్దున ఏం తిందో గుర్తుండదు కానీ గోడ మీద ఫోటోలు మాత్రం కంఠతా వచ్చు.

ఒక ఫోటోలో గాడిద, దానికి రెండు వైపులా గంపలు, గంపల్లో నల్లటి ఇటుకల్లాంటివి. బొగ్గు అనుకున్నా, కాదు టర్ఫ్ అంట. బాగ్ అనే చిత్తడి నేలని పొడుగ్గా ముక్కలు కోసి, నాలుగైదు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి గాలికి ఆరబెట్టి పొయ్యిలో పెడతారు. మన పిడకలే కదా అనిపించింది, కాకపోతే ఎండే లేని దేశంలో ఆరబెట్టుకోవడం ఎంత చాకిరీనో.

ఇంకో దాంట్లో ఒక ఇంటి ముందు పాతికమంది, మగవాళ్ళంతా కోట్లు టోపీలు, మధ్యలో ఫాదర్ గారు. వెనకాల పెన్సిల్‌తో 1951 అని ఉంది. "స్టేషన్" అంది ఆవిడ, నేను రైలేదీ అని వెతుకుతున్నా. వంతులవారీగా ఒక్కోసారి ఒక్కో ఇంట్లో పూజ పెట్టుకోవడాన్ని స్టేషన్ అంటారట, క్యాథలిక్కుల మీద చట్టాలున్న రోజుల్లో చాటుగా ఇళ్ళల్లో పూజ చేసుకునేవాళ్ళు, ఆ అలవాటు అలా ఉండిపోయింది. వంతు వస్తోందంటే ఇల్లంతా సున్నం, కిటికీలకి కొత్త రంగు, మంచి కప్పులు పక్కింటి నుంచి అరువు, అచ్చం మా ఇంట్లో క్రిస్మస్ ముందు హడావిడే.

తర్వాత ఆ ఫోటో మీద వేలు పెట్టి లెక్క మొదలుపెడుతుంది. వీడు బోస్టన్, వీడు మాంచెస్టర్, ఇది చికాగో, ఇది నర్సుగా లండన్. పాతికమందిలో ఊర్లో ఉండిపోయింది ఆరుగురు. వాళ్ళ తాతల కాలంలో అమెరికా వెళ్ళేవాళ్ళకి ముందురోజు రాత్రి అమెరికన్ వేక్ చేసేవాళ్ళట, వేక్ అంటే శవం దగ్గర కూర్చుని చేసే జాగారం, బతికున్న పిల్లకే అది చేసి తెల్లారి పంపేసేవాళ్ళు, మళ్ళీ చూడలేమని తెలుసు కాబట్టి. నేను వచ్చేప్పుడు మా అమ్మ పులిహోర కట్టి ఏడ్చింది, డబ్లిన్‌లో దిగగానే వీడియో కాల్ చేశా, అంతే తేడా, కానీ చిన్న తేడా కాదు అది.

ఆవిడ కోసం బ్రేక్‌లో ఫోన్‌లో పాత ఫోటోలు వెతకడం అలవాటైంది. ఇక్కడి నేషనల్ లైబ్రరీ వాళ్ళ లారెన్స్ కలెక్షన్ ఉంది, లారెన్స్ అనే ఫోటో షాపు ఆయన పోగుచేసిన దాదాపు 40,000 గాజు ప్లేట్లు, అంటే పాతకాలం ఫోటో నెగెటివ్‌లు, ఎక్కువ భాగం రాబర్ట్ ఫ్రెంచ్ అనే ఆయన దేశమంతా తిరిగి తీసినవి. బ్రిటిష్ వాళ్ళ మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్‌లో లారెన్స్ షాపు తగలబడినప్పుడు అక్కడున్న పోర్ట్రెయిట్‌లు పోయాయి, కొండలూ ఊళ్ళూ ఉన్న ప్లేట్లు వేరే చోట దాచారు కాబట్టి మిగిలాయి. మనుషుల మొహాలు పోయి కొండలు మిగిలాయంటే నాకెందుకో దిగులేసింది.

ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైనది 1932 ఫోటో. ఆ జూన్‌లో డబ్లిన్‌లో యూకరిస్టిక్ కాంగ్రెస్ అని క్యాథలిక్కుల పెద్ద సభ జరిగింది, చివరి రోజు ఫీనిక్స్ పార్కులో పూజకి పది లక్షల మంది వచ్చారంటారు, అప్పుడు దేశం మొత్తం జనాభానే 30 లక్షలు. స్పెషల్ రైలెక్కి వాళ్ళ నాన్న కూడా వెళ్ళాడట. ఫోటోలో కనిపించేది ఒట్టి టోపీల సముద్రం. "ఆ టోపీ మా నాన్నదే" అని చూపిస్తుంది, రోజుకో టోపీ. మొదట్లో నిన్న చూపించింది ఇది కాదుగా అనబోయి ఆగిపోయా, ఎవరి నాన్నో ఒకరిది అయ్యే ఉంటుందిగా.

మొన్న ఆదివారం కిటికీలోంచి క్రో పాట్రిక్ కొండ శిఖరం దాకా స్పష్టంగా కనిపించింది, అది ఇక్కడ అరుదు. 764 మీటర్లు, జులై ఆఖరి ఆదివారం జనం తీర్థయాత్రగా రాళ్ళ మీద నడిచి ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండా. మాకూ కొండ ఉంది, విజయవాడలో గుణదల మాత, ఫిబ్రవరిలో తిరునాళ్ళు, అని చెప్పి ఫోన్‌లో మా అన్నయ్య పంపిన ఫోటో చూపించా, మెట్ల నిండా జనం.

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. తర్వాత తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన మీద వేలు పెట్టి "మా నాన్న" అంది.

అవునండీ అన్నా. టీ చల్లారిపోయింది, ఇంకో కప్పు తెచ్చా.