నేలపట్టు గూళ్లు, తిరుపతి బోన్లు

డిసెంబరు చివరి వారంలో నెల్లూరు నుంచి కారులో బయలుదేరి, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర జాతీయ రహదారిని వదిలి నేలపట్టు చెరువు చేరుకునేసరికి ఎండ ఎక్కింది. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, నెల్లూరివాళ్ల మాటల్లో అది ఇప్పటికీ మన పక్షుల చెరువే. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చెరువు ఈశాన్య రుతుపవనాల వానలకు నిండిందంటే, నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్లకొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి.

మంచె ఎక్కి బైనాక్యులర్ సరిచేసుకోగానే ఒక గూడబాతుల జంట దొరికింది. మగపక్షి పచ్చి రెమ్మను ముక్కున అడ్డంగా కరుచుకుని వచ్చి వాలితే, ఆ బరువుకు కొమ్మ కిందికి వంగిపోయింది. ఆడపక్షి రెమ్మను అందుకుని ఒకచోట గుచ్చింది, నచ్చక పీకింది, మరోచోట గుచ్చింది. మగపక్షి ఆ పని ముగిసేదాకా పక్కనే నిలబడి, మళ్లీ పుల్లల కోసం ఎగిరిపోయింది. చెట్ల మీద గూడు కట్టే గూడబాతుల్లో పుల్లలు తేవడం మగదాని పని, పేర్చడం ఆడదాని పని. గుడ్లు పొదగడంలో, పిల్లలను మేపడంలో మాత్రం ఇద్దరూ వంతులు వేసుకుంటారు.

మాతో వచ్చిన మేనత్త అక్కడి కాపలాదారును, “జీవితాంతం ఇట్టానే జంటగా ఉంటాయా అబ్బయా?” అని అడిగింది. “ఈ ఏటికి ఇదే జంటమ్మా. పైఏడు దేనికేది జత కుదురుతుందో!” అన్నాడతను. అత్తకు ఆ జవాబు రుచించలేదు గానీ, అతను చెప్పింది నిజం. గూడబాతుల జత సాధారణంగా ఒక ఋతువుకే పరిమితం. ఒక పక్షి మేతకు వెళ్తే మరొకటి గూటిని కాచుకోవలసిందే. గుడ్లను విడిచిపెడితే కాకుల పాలవుతాయి, పుల్లలను విడిచిపెడితే పక్కగూటివాళ్లు ఎత్తుకుపోతారు. పిల్లలకు రెక్కలు వచ్చాక ఆ అవసరం తీరిపోతుంది. దీన్ని విశ్వాసం లేకపోవడంగా చూడటం మన పెళ్లి కొలమానాన్ని వాటికి అంటగట్టడమేనని నాకనిపిస్తుంది.

నత్తగుల్లకొంగల సంగతి మరీ విచిత్రం. వాటిలో కొన్నిసార్లు ఒక మగపక్షితో రెండు ఆడపక్షులు కలిసి, ఒకే గూట్లో గుడ్లు పెట్టడం పరిశీలకులు నమోదు చేశారు. ఈ మాట చెప్పగానే అత్త, “ఇద్దరు పెళ్లాలూ ఒకే ఇంట్లోనా! ఆ గూట్లో వంటెవరు చేస్తారో కనుక్కోరా” అంది. మంచె మీదున్నవాళ్లంతా నవ్వారు.

సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో ఆగి, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూశాం. ఇవి గూళ్లు కట్టేది ఇక్కడ కాదు. మన దేశంలో వాటి ప్రధాన సంతానకేంద్రం గుజరాత్‌లోని కచ్ రణ్. జత కుదరడానికి ముందు పదులు, వందల పక్షులు కలిసి మెడలు నిక్కించి, తలలు అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కసారిగా రెక్కలు విప్పుతూ కవాతు చేస్తాయి. గుంపు చిన్నదైతే వాటికి గుడ్లు పెట్టే ఉత్సాహమే రాదు. అందుకే కొన్ని విదేశీ జూలలో గుంపు పెద్దదిగా కనిపించడానికి అద్దాలు కూడా పెట్టి చూశారు.

మర్నాడు శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి వెళ్లి, 1987లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు చేరుకున్నాం. పులుల ఎన్‌క్లోజర్ దగ్గర ఒక తండ్రి తన పిల్లలకు “అది నాన్న పులి, ఇది అమ్మ పులి” అని చూపిస్తున్నాడు. అడవిలో పులికి అలాంటి సంసారమే లేదు. ఆడపులి ఎదకు వచ్చిన కొద్ది రోజులే మగపులి దాని వెంట ఉంటుంది. ఆ తర్వాత నూరు రోజులకు పైగా గర్భం మోయడం, కూనలను పెంచడం, వేట నేర్పడం అన్నీ తల్లి బాధ్యతే. జూలో జతను ఎంచేది జంతువు కాదు, అధికారులు. రక్తసంబంధం లేని జంతువుల కోసం వంశావళి పుస్తకాలు తిరగేసి, వేరే ఊరి జూతో మార్పిడి చేసుకుని, కొత్తగా వచ్చినదాన్ని ముందు జాలీకి అవతల ఉంచి వాసన అలవాటు చేసి, ఆ తర్వాతే కలుపుతారు. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంత జాగ్రత్తగా గోత్రాలు చూడడు.

ఆ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో తెల్లపులి చరిత్ర చెబుతుంది. 1951లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని రేవా సంస్థానపు అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే తెల్లపులికి మామూలు రంగు ఆడపులితో పుట్టిన కూనలేవీ తెల్లగా లేవు. అప్పుడు దాన్ని సొంత కూతురు రాధతోనే జతకట్టించారు. 1958లో నాలుగు తెల్ల కూనలు పుట్టాయి, జనం విరగబడి చూశారు. తర్వాత జూలలో పెరిగిన తెల్లపులుల్లో అత్యధికం ఆ వంశానివే. తెల్లపులి ముందు సెల్ఫీల కోసం ఎగబడే గుంపును చూస్తున్నప్పుడు, ఏ జూలోనైనా దాని తిండి, బరువుల వివరాలతో పాటు ఈ తండ్రీకూతుళ్ల కథను కూడా పలక మీద రాసి పెట్టాలనిపించింది.