నా సైకిల్ హ్యాండిల్‌ను నా ఒంటికి తగ్గట్టు మార్చుకున్న తీరు

అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం చెరువు దాటి కొంత దూరం పొద్దున్నే సైకిల్ మీద వెళ్లి రావడం అలవాటైన కొంతకాలానికి, నా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. దానికి తోడు మెడ వెనక ఒక బిగువు ఉండేది. ఆ రెండు వేళ్లకే తిమ్మిరి రావడానికి కారణం ఉంది. మోచేతి లోపలి వైపు నుంచి దిగివచ్చే అల్నార్ నరం, మణికట్టు దాటాక అరచేతిలో చిటికెన వేలి వైపు పెద్దగా కండ రక్షణ లేకుండా సాగుతుంది. ఒంటి బరువును సరిగ్గా అక్కడే మోపి చాలాసేపు తొక్కితే ఆ నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే నలిగేది మీడియన్ నరం, అప్పుడు మణికట్టు వంగి ఉన్న తీరును చూసుకోవాలి.

హ్యాండిల్ పైకి లేపితే చాలునని తెలిసినవారందరూ చెప్పారు. నేను మాత్రం సీటుతో మొదలుపెట్టాను, ఎందుకంటే హ్యాండిల్ ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉందన్నది సీటును బట్టే తేలుతుంది. మడమను పెడల్ మీద ఆనించి, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు చాచుకునేటంత ఎత్తులో సీటును బిగించాను. తరువాత, పక్కింటి మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి సీటు మీద పెట్టి చూస్తే ముందు కొస కిందికి వాలి ఉందని తేలింది. అలా వాలిన సీటు మీద మనిషి ముందుకు జారుతూ ఉంటాడు, ఆ జారుడును ఆపే పని చేతుల మీద పడుతుంది. దానిని సమంగా చేయడంతోనే తిమ్మిరిలో మంచి భాగం తగ్గింది. హ్యాండిల్ అందడం లేదని సీటును ముందుకు జరిపే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. చేతుల ఇబ్బంది తీసుకువెళ్లి మోకాళ్లకు అంటగట్టినట్టవుతుంది.

మెడ బిగువు మాత్రం తగ్గలేదు. హ్యాండిల్ సీటు కంటే బాగా కిందుగా ఉన్నందువల్ల రోడ్డు చూడాలంటే ప్రతిసారీ తల పైకెత్తవలసి వచ్చేది. మా నాన్నగారి పాత సైకిల్ అయితే ఈ పని సులభం: హ్యాండిల్ కాడ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టంలోకి దిగి ఉంటుంది, పైనున్న బోల్టును పానాతో కొన్ని చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్కముక్క పెట్టి ఒక దెబ్బ వేస్తే లోపలి పట్టు వదులుతుంది, ఆపై కావలసినంత పైకి లాగి మళ్లీ బిగించవచ్చు. కాడ మీద గీసి ఉన్న హద్దు గీత బయటికి కనబడనంత వరకే లాగాలి. నాది గేర్ల సైకిల్. దీనిలో హ్యాండిల్‌ను మోసే కాడ, అంటే స్టెమ్, ఫోర్క్ గొట్టాన్ని బయటి నుంచి పట్టుకుంటుంది. ఆ గొట్టాన్ని ముందే ఒక పొడవుకు కోసి పంపుతారు కాబట్టి, కొత్త భాగాలేవీ కొనకుండా ఎత్తు మార్చాలంటే, గొట్టానికి తొడిగిన స్పేసర్లనే ఉంగరాల్లాంటి బిళ్లలను స్టెమ్ కిందికో పైకో మార్చడం, లేదా స్టెమ్‌నే తిరగేయడం తప్ప వేరే దారి లేదు.

నా సైకిల్‌కు స్పేసర్లు అప్పటికే అన్నీ స్టెమ్ కిందే ఉన్నందున, తిరగేయడానికే నిశ్చయించుకుని నేను ఎప్పుడూ వెళ్లే సైకిల్ షాపుకు వెళ్లాను. స్టెమ్ పొడవు 90 మిల్లీమీటర్లు, వంపు 7 డిగ్రీలు. లెక్క వేసుకుంటే, కిందికి చూస్తున్న వంపును పైకి తిప్పినప్పుడు హ్యాండిల్ సుమారు 2 సెంటీమీటర్లు పైకి లేస్తుంది, సుమారు 7 మిల్లీమీటర్లు మన వైపుకు వస్తుంది. ఈ రెండో సంగతిని చాలామంది పట్టించుకోరు గానీ, నా అనుభవంలో చేతులకు సుఖాన్నిచ్చేది ఎత్తు ఎంతో దూరం కూడా అంతే.

పై మూత బోల్టు, స్టెమ్ పక్క బోల్టులు విప్పగానే ఫోర్క్ కిందికి జారిపోవచ్చు కనుక ముందు చక్రం నేల మీదే ఉండాలి. బిగించేటప్పుడు వరుస ముఖ్యం. పై మూత బోల్టు ఉన్నది స్టెమ్‌ను పట్టి ఉంచడానికి కాదు, బేరింగుల్లో లూజు తీయడానికి. ముందు దానిని మెల్లగా బిగించి, హ్యాండిల్‌ను చక్రానికి సూటిగా నిలిపి, ఆ తరువాతనే పక్క బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించాలి. ఎంత బిగువు కావాలో చాలా స్టెమ్‌ల మీద అచ్చువేసి ఉంటుంది. నా దాని మీద 5 న్యూటన్ మీటర్లని ఉంది. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే టకటకమనకూడదు. ముందు చక్రాన్ని పైకెత్తితే హ్యాండిల్ దానంతట అదే ఒక పక్కకు వాలాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేకు కేబుళ్లు లాగుకుపోవడం లేదని కూడా చూసుకున్నాము.

బ్రేకు లివర్ల సంగతి నాకు తరువాత తట్టింది. అవి నేలకు సమాంతరంగా ఉన్నందువల్ల వేళ్లు వాటి మీద పెట్టిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరిగేది. మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే వాలులో ఉండేటట్టు వాటిని కిందికి తిప్పాను. ఇప్పుడు మోచేతులు కాస్త వంచి, వేళ్లను పిల్లనగ్రోవి మీద ఆడించినట్టు హ్యాండిల్ మీద ఆడిస్తూ వెళ్లగలిగితే బరువు చేతుల మీద లేదని నమ్మకం కలుగుతుంది.

గాలి మాత్రం మిగిలింది. ఆషాఢంలో మా వైపు వీచే పడమటి గాలి ఎంతటిదో, దానికోసమే రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారంటే ఊహించుకోవచ్చు. చెరువు నుంచి ఊరికి తిరిగి వచ్చేటప్పుడు అది సరిగ్గా ఎదురు. షాపతను ముందే అన్నాడు: "హ్యాండిలు ఎత్తితే గాలికి బండి ముందరికి పోదు సార్." అతని మాట నిజమే, నిటారుగా కూర్చున్న ఛాతీకి గాలి నిండుగా తగిలింది, పైగా గుంతల కుదుపంతా నడుముకే చేరింది. అందువల్ల ఒక సెంటీమీటరు స్పేసరును స్టెమ్ కింద నుంచి తీసి పైన వేయించాను. మెడకు అంత దిగుడు పట్టింపు కాలేదు, గాలికీ కొంత తేడా తెలిసింది. పైన మిగిలిన గొట్టం చూపుకు బాగాలేదని, కోసి ఇస్తానని అతను అన్నాడు. గాలుల కాలం పోయాక ఆ స్పేసరును మళ్లీ కిందికి వేసుకోవాలని ఉంది కాబట్టి వద్దన్నాను.