గ్లవ్స్ దగ్గర ఆగిన రోజు

కాఫీ ఇంకా కప్పులోకి రాకముందే మెయిల్ చూశాను. మేం ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ సెటప్ చేసిపెట్టిన ఆన్‌లైన్ బట్టల షాపు వాళ్లు రాశారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒకావిడ పసిబిడ్డను చుట్టే పల్చటి దుప్పటి కొన్నదట, 24 డాలర్లు. దానిమీద 1 డాలరు 59 సెంట్లు సేల్స్ ట్యాక్స్ పడింది. మా రాష్ట్రంలో దీనికి ట్యాక్స్ లేదు కదా, ఎందుకు వేశారు అని అడిగింది.

ఆవిడ అన్నదే నిజం. న్యూజెర్సీలో మామూలు బట్టలకు ట్యాక్స్ లేదు. రిసీవింగ్ బ్లాంకెట్ అనే ఆ పసిపిల్లల దుప్పటి బట్టల కిందికే వస్తుంది, డైపర్లూ అంతే. మంచం మీద కప్పుకునే దుప్పటికి మాత్రం 6.625 శాతం కట్టాలి. షాపు క్యాటలాగులో రెండూ ఒకే విభాగంలో, తువ్వాళ్ల పక్కన ఉన్నాయి. ఆ విభాగం మొత్తాన్నీ ఒక్కసారిగా ఇంటి సామాన్ల గ్రూపులోకి పంపింది నేనే. మూడు నెలల కిందట, లాంచ్‌కు రెండు రోజుల ముందు.

ఒక డాలరు 59 సెంట్లు పెద్ద మొత్తం కాదని ఎవరైనా అనొచ్చు. నాకు మాత్రం పొద్దుటంతా అదే మనసులో తిరిగింది. బిల్లు మీద ట్యాక్స్ అని వేస్తే ఎవరూ ప్రశ్నించరు, ప్రభుత్వం లెక్క అనుకుని కట్టేస్తారు. ఆ నమ్మకం మీద మనం తప్పు రూలు పెట్టాం. అడిగింది ఆవిడ ఒక్కతే. అడగనివాళ్లు ఎంతమందో రిపోర్టు తీస్తేగానీ తెలియదు.

ముందు ఆ రిపోర్టు తీయమని షాపువాళ్లను అడిగాను. తర్వాత ఆ ఒక్క ఐటెమ్ సరిచేసి ఊరుకోవడం ఇష్టంలేక, క్యాటలాగు మొత్తం మళ్లీ ఎక్సెల్‌లోకి దించాను. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి కూడా కాల్‌లోకి వచ్చింది. తనకు మొదట చెప్పాల్సి వచ్చింది ఒకటే. గ్రూపుకు రేటు ఉండదు. రేటు కొనేవాళ్ల అడ్రసును బట్టి వస్తుంది, అది రాష్ట్రం, కౌంటీ, ఊరు కలిపి తేలే అంకె. గ్రూపు చెప్పేది ఈ వస్తువు ఏమిటన్నది మాత్రమే. ఫలానా వస్తువు ఫలానా చోటికి వెళ్తే ట్యాక్స్ పడుతుందా లేదా, పడితే ధరలో ఎంత భాగం మీద అన్న రూలు, ఈ రెండూ కలిసిన గడిలో ఉంటుంది. గ్రూపు తప్పయితే అడ్రసు ఎంత కచ్చితంగా ఉన్నా లాభం లేదు. పైగా సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇవ్వదు. తప్పు లెక్కను రెండు దశాంశాల దాకా శుభ్రంగా వేసి చూపిస్తుంది.

పదింటికల్లా గ్లవ్స్ దగ్గరికి వచ్చాం.

"అక్కా, గ్లవ్స్ అంటే ఒంటికి వేసుకునేవే కదా. అన్నీ బట్టల్లో పెట్టేయనా?"

"ఆగమ్మా, ఒక్కొక్కటీ చదువుదాం."

చాలా రాష్ట్రాలు కలిసి రాసుకున్న స్ట్రీమ్‌లైన్డ్ సేల్స్ ట్యాక్స్ ఒప్పందం 2005 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. న్యూజెర్సీ, మిన్నెసోటా రెండూ అందులో ఉన్నాయి. ఆ ఒప్పందంలో బట్టలంటే ఏమిటో నిర్వచనం ఉంది, కింద పేర్ల జాబితా ఉంది. మామూలుగా వాడే గ్లవ్స్ బట్టలు. బేస్‌బాల్, బాక్సింగ్, గోల్ఫ్ గ్లవ్స్ ఆటసామాను. వెల్డింగ్ గ్లవ్స్ రక్షణ సామగ్రి. షాపువాళ్ల పట్టికలో ఇవన్నీ "చేతికి" అన్న ఒకే శీర్షిక కింద ఉన్నాయి. చలికాలపు ఉన్ని గ్లవ్స్ కింద గోల్ఫ్‌వి, వాటి కింద తోటపనికి వాడే తోలువి.

ఆ జాబితా చదివినప్పుడల్లా నాకు దానిమీద గౌరవం పెరుగుతుంది. బెల్టు బట్ట. బెల్టు బకిల్ విడిగా అమ్మితే బట్ట కాదు. టోపీ బట్ట, హెల్మెట్ రక్షణ సామగ్రి. చేతిరుమాలు బట్ట కాదు, యాక్సెసరీ, గొడుగూ యాక్సెసరీ, హ్యాండ్‌బ్యాగూ అంతే. బూట్లు బట్టలే గానీ అడుగున మేకుల్లాంటివి ఉన్న ఆటబూట్లు ఆటసామాను, బాలే నాట్యానికి వేసుకునే బూట్లూ అటే. ఎక్కడో ఎవరో కూర్చుని గొడుగు ఎటు పోవాలని గంటల తరబడి వాదించుకుని ఉంటారు. వాళ్లు ఆ శ్రమ పడబట్టే ఇవాళ మాకు పని తేలికయింది.

కొత్తగా చేరిన అమ్మాయికి ఉత్సాహం వచ్చేసింది. మధ్యాహ్నానికి నలభై ఏడు గ్రూపులు చేసి చూపించింది. ఉన్ని స్వెటర్లు వేరు, నూలు చొక్కాలు వేరు, పిల్లల సాక్సులు వేరు. చూడ్డానికి అందంగా ఉంది, కానీ అది షాపు అరల్లాంటి అమరిక. "ఉన్ని స్వెటర్‌కు, నూలు చొక్కాకు ట్యాక్స్ వేరుగా ఉండే రాష్ట్రం ఒక్కటి చెప్పు" అన్నాను. వెతికింది, మేం అమ్మే రాష్ట్రాల్లో దొరకలేదు. అయితే అవి ఒకటే గ్రూపు. ఎక్కడో ఒకచోట రూలు విడిపోతేనే గ్రూపు విడిపోవాలి. లేకపోతే ఏడాది తర్వాత రూలు మారినప్పుడు నలభై ఏడు చోట్ల మార్చాలి, నలభై ఆరో దగ్గర మనిషి అలసిపోతుంది.

విడగొట్టాల్సినవి మాత్రం గట్టిగా పట్టుబట్టి విడగొట్టించాను. పెన్సిల్వేనియా ఈ ఒప్పందంలో లేదు. అక్కడ మామూలు బట్టలకు ట్యాక్స్ లేదు గానీ వేడుకలకు వేసుకునే ఫార్మల్ దుస్తులకు ఉంది. పెళ్లి గౌను కూడా అందులోకే వస్తుంది. న్యూజెర్సీలో అదే గౌనుకు లేదు. అందుకని షాపులో ఫార్మల్ గౌన్లు పాతిక రకాలే ఉన్నా వాటికి సొంత గ్రూపు కావాలి. జంతువుల బొచ్చుతో చేసే ఫర్ కోట్లకూ అంతే, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రెండూ వాటిని మామూలు బట్టల్లోంచి తీసేశాయి.

ఆ తర్వాత ధరతో ముడిపడిన రూళ్లు. ఇక్కడ ఎక్కువసేపు గడిపాను, తనకు అర్థం కావాలని. 180 డాలర్ల కోటు ఒకటి తీసుకున్నాం. మసాచుసెట్స్‌లో ఒక్కో బట్టకు 175 డాలర్ల దాకా ట్యాక్స్ లేదు, దాటిన దానిమీదే 6.25 శాతం. అంటే 5 డాలర్ల మీద 31 సెంట్లు. న్యూయార్క్ రాష్ట్రం తన 4 శాతాన్ని 110 డాలర్ల లోపు బట్టలకు వదిలేసింది. న్యూయార్క్ నగరం కూడా తన వంతు వదిలేసింది. కానీ 110 వచ్చిందంటే మొత్తం ధర మీద పడుతుంది. అదే కోటుకు నగరంలో 8.875 శాతం లెక్కన 15 డాలర్ల 98 సెంట్లు. పేరు ఒకటే, బట్టల గ్రూపు ఒకటే, ఒకచోట గీత దాటిన ముక్కకే ట్యాక్స్, ఇంకోచోట గీత తాకితే అంతా ట్యాక్స్. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, రెండు కోట్లు కలిపి కొంటే?" అంది. మంచి ప్రశ్న. గీత ఒక్కో వస్తువుకు, బిల్లు మొత్తానికి కాదు. 100 డాలర్ల చొక్కాలు రెండు కొన్నా న్యూయార్క్‌లో ఆ గీత దాటినట్టు కాదు.

టెక్సాస్, కాలిఫోర్నియా మామూలు బట్టలకు ట్యాక్స్ వేస్తాయి గనక అక్కడ ఈ కష్టమేమీ లేదని తను అంది. కాలిఫోర్నియా వరకు సరే. టెక్సాస్‌లో ఆగస్టులో మూడు రోజుల ట్యాక్స్ హాలిడే ఉంది, 1999 నుంచీ. ఆ మూడు రోజులు 100 డాలర్ల లోపు బట్టలకూ చెప్పులకూ ట్యాక్స్ ఉండదు, హ్యాండ్‌బ్యాగులకు ఉంటుంది. ఏడాదంతా ఏ గ్రూపులో ఉన్నా ఒకటే అనిపించే వస్తువు ఆ వారాంతంలో తన అసలు చోటు అడుగుతుంది.

నాలుగింటికి రిపోర్టు వచ్చింది. ఆ దుప్పటి న్యూజెర్సీకి, మిన్నెసోటాకు కలిపి అరవై మూడు ఆర్డర్లలో వెళ్లింది. అందరికీ తిరిగి ఇచ్చేద్దామని షాపువాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. మెయిల్ ఎలా రాయాలో కూడా నన్నే అడిగారు. పొరపాటు వర్గీకరణలో జరిగింది, మీ నుంచి తీసుకోకూడని మొత్తం ఇది, కార్డుకు తిరిగి వేస్తున్నాం అని మూడు వాక్యాల్లో రాసి ఇచ్చాను. మొదట అడిగిన ఆవిడకు మాత్రం విడిగా రాయమన్నాను, ఆవిడ అడగకపోతే మాకు తెలిసేది కాదని.

సాయంత్రానికి గ్రూపులు పదమూడుకు వచ్చాయి. ఒక్కోదానికి ఐదు అడ్రసులతో ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టి చూశాం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరం, మసాచుసెట్స్‌లోని బాస్టన్, మిన్నెసోటాలోని మినియాపొలిస్. అంకె చేత్తో వేసుకున్నాకే స్క్రీన్ చూడాలని తనకు నియమం పెట్టాను. ఒకటి తేడా వచ్చింది, అది మా లెక్కలోని తప్పే. ఏ గ్రూపూ దొరకని కొత్త ఐటెమ్ వస్తే నేరుగా అమ్మకానికి వెళ్లకుండా ఆగిపోయేలా కూడా మార్చాను. ఇప్పటిదాకా అలాంటివి డిఫాల్టుగా పూర్తి ట్యాక్స్ గ్రూపులో పడేవి. షాపువాళ్లకు అది సురక్షితం అనిపించింది, ఎందుకంటే తక్కువ వసూలైతే లోటు వాళ్లు కట్టాలి, ఎక్కువైతే కొన్నవాళ్ల డబ్బు. ఆ పద్ధతి నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఇవాళ చెప్పడానికి కారణం దొరికింది.

మిగిలింది ఆ తోటపని గ్లవ్స్. వివరణలో "దృఢమైన తోలు, ముళ్లు గుచ్చుకోవు, రోజువారీ వాడకానికీ బాగుంటాయి" అని ఉంది. మొదటి సగం రక్షణ సామగ్రిలా ఉంది, రెండో సగం బట్టలా ఉంది. మామూలు వాడకానికి పనికొస్తుందా అన్నదే నిర్వచనంలో తేడా. రక్షణ సామగ్రి అయితే న్యూజెర్సీలో ఇంకో చిక్కు, రోజూ చేసే ఉద్యోగంలో అవసరమై కొన్నవాళ్లకే మినహాయింపు, మిగతావాళ్లకు ట్యాక్స్. కొనేవాళ్లు తోటమాలో కాదో గ్రూపుకు తెలియదు. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ పంపమని షాపువాళ్లకు రాశాను. అది వచ్చేదాకా ఆ ఒక్క వరసకు పసుపు రంగు వేసి, అమ్మకం ఆపి ఉంచాను.