ఒక్క గుక్కలో పదహారు

మొదట చెప్పు జారింది. సింగ్‌నగర్‌లో మా వీధి చివర పాల ప్యాకెట్టు తీసుకుని వస్తుంటే కుడికాలి హవాయి చెప్పు వెనకే ఉండిపోయింది, నేను నాలుగడుగులు ముందుకు వచ్చేశాను. చెప్పు లేదన్న సంగతి కాలికి తెలియలేదు. పాల బూత్ అతను కేకేసి చెప్తే నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళి తొడుక్కున్నాను. 2024 నవంబరు రెండో వారం అది. దీపావళి వెళ్ళాక మూడు రోజులు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. దానికీ ఈ చెప్పుకీ సంబంధం ఉందని అప్పుడు ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

నేను గొంతు మీద బతికేవాణ్ణి. విజయవాడ ఆకాశవాణిలో నాటకానికి పిలిస్తే వెళ్తాను. బట్టల కొట్ల ప్రకటనలకీ, ఎన్నికలప్పుడు ప్రచారం ఆటోలకీ గొంతిస్తాను (రెండు పార్టీలకీ ఇచ్చాను, దాచేదేముంది). ఆ సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇళ్ళ మీద పడ్డాక ఇంకో పని నెత్తికెత్తుకున్నాను. డాబాల మీద చిక్కుకున్నవాళ్ళు, పడవలు నడిపినవాళ్ళు, డ్రోన్ దించిన అన్నం పొట్లం పక్కింటి డాబా మీద పడితే అరుచుకున్నవాళ్ళు, అందరి మాటలూ ఫోన్లో రికార్డు చేసి పది భాగాల శ్రవ్య నాటకం చేద్దామని. నాలుగు పూర్తయ్యాయి. అయిదోది రాస్తుండగా కాళ్ళ వేళ్ళలో మొదలైన తిమ్మిరి మోకాళ్ళకి పాకింది. స్టూడియో మెట్లు రెయిలింగు పట్టుకుని ఎక్కాను.

దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. ఏం చేస్తుంటారని అడిగాడు. నాటకాలు, డబ్బింగులు అన్నాను.

"అదీ సంగతి. వరదల్లో బాగా టెన్షన్ పడ్డారు. ఆర్టిస్టులు కదా, మీకన్నీ కాస్త ఎక్కువగానే అనిపిస్తాయి."

బీ కాంప్లెక్స్, నిద్రమాత్ర రాశాడు. ఆయన బల్ల మీద పెన్నుల స్టాండులో రబ్బరు తల ఉన్న చిన్న సుత్తి ఉంది. నా కళ్ళ ముందే ఉంది. అది తీసి నా మోకాలి చిప్ప కింద ఒక్క దెబ్బ వేస్తే తెలిసిపోయేది. వేయలేదు. ఆ సుత్తిని మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ మాట నేను నమ్మాను. మా ఆవిడతో "చూశావా, టెన్షనేనట" అని కాస్త గొప్పగా కూడా చెప్పాను, ఆర్టిస్టు అన్నాడని.

రెండు రోజులకి బాత్రూంలో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. మా బావమరిది భుజాన వేసుకుని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి న్యూరాలజిస్టు నాతో మాట్లాడ్డానికి ముందే సుత్తి తీశాడు. రెండు మోకాళ్ళు, రెండు మడమలు. ఏ కాలూ ఎగరలేదు, గోడ మీద కొట్టినట్టే. "ఈ రాత్రికి ఐసీయూలో ఉండాలి" అన్నాడు. గులియన్ బారీ సిండ్రోమ్ అట. 1916లో ఫ్రెంచి సైన్యపు డాక్టర్లు ఇద్దరు సిపాయిల్లో చూసి రాసిన జబ్బు. కడుపులోనో గొంతులోనో ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గాక, క్రిముల మీద యుద్ధానికి బయల్దేరిన మన రక్షణ వ్యవస్థే దారి తప్పి మన నరాల మీద పడుతుంది. కాళ్ళతో మొదలై పైకి పోతుంది. అది ఛాతీ దాకా వస్తుందా రాదా అన్నదే ఇక లెక్క. మా అమ్మకి ఆ పేరు ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగలేదు. ఇప్పటికీ "ఆ బేరం జబ్బు" అంటుంది.

బేరమే అయింది లెండి. కౌంటర్లో మా ఆవిడ ఆరోగ్యశ్రీ ఉందని కార్డు చూపించింది. ఆ కుర్రాడు "ఎన్టీఆర్ వైద్యసేవ అనాలమ్మా ఇప్పుడు" అని పేరు సరిదిద్ది, బకాయిలు రాలేదు కాబట్టి తీసుకోవడం లేదని చెప్పాడు. 2007లో రాజీవ్ పేరుతో పెట్టిన పథకం అది. తర్వాత ఎన్టీఆర్, ఆ తర్వాత వైఎస్సార్, మళ్ళీ ఎన్టీఆర్. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. పేరు మార్చినంత చురుగ్గా బిల్లులు చెల్లిస్తే నా బాధేమీ లేదు. కింది వాటా మునిగినందుకు ప్రభుత్వం వేసిన 25,000 అకౌంట్లోనే ఉంటే అడ్వాన్సు కింద అవే కట్టాం. బుడమేరు ఇచ్చిన డబ్బు అలా ఖర్చయింది. మిగతాదానికి మా ఆవిడ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి.

వెన్నులోంచి నీరు తీయడం, నరాలకి కరెంటు పెట్టి చూడడం, అవన్నీ అందరికీ చేసేవే. చెప్పాల్సింది ఆ రాత్రి గురించి.

ఊపిరి ఎంత ఉందో చూడ్డానికి ఐసీయూలో ఒక చిన్న పరీక్ష పెడతారు. గుండెల నిండా గాలి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టాలి. సాయంత్రం 31 దాకా వెళ్ళాను. మామూలు రోజుల్లో అరవై దాటేవాణ్ణి. చిన్నప్పుడు మా వీధి పిల్లలందరికీ పందెం ఉండేది: 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుడి సభా సంభాషణ ఎవరు తక్కువ గుక్కల్లో చెప్తారని. ఆ పందెం గెలిచే నేను నాటకాల్లోకి వచ్చాను.

రాత్రి పదికి 24. పన్నెండుకి 19. సాలూరు అమ్మాయి ఒకామె డ్యూటీలో ఉంది, సిస్టర్. నేను అంకెలు గబగబా చదివి మోసం చేయబోతే పట్టేసింది.

"అలా పరిగెడితే కుదరదన్నయ్యా. నాతోపాటు చెప్పండి."

"ఇంగ్లీషులో లెక్కపెట్టనా? అవి పొట్టిగా ఉంటాయి."

"ఏ భాషలో మొదలుపెట్టారో ఆ భాషలోనే."

ఇద్దరం నవ్వాం. నవ్వడానికి నా మూతి ఒక పక్కకే కదిలింది. ఆమె నవ్వు ఆపేసి ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

ఒంటిగంట దాటాక, తెరకి అవతల ఎవరో ఇంకెవరితోనో అన్నాడు: "ఆరో బెడ్డుకి ట్యూబు సామాను రెడీగా పెట్టు, ఎలాగూ పడుతుంది." ఆరో బెడ్డు నాదే. మెలకువగా ఉన్న మనిషికి వినపడుతుందని కూడా అతనికి తోచలేదు. పదిహేను కంటే తగ్గితే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెడతామని డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణం కోసం పెట్టేదే, కాదనను. కానీ గొంతులోకి అన్న మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. మళ్ళీ ఈ గొంతు వస్తుందా? పదేళ్ళ మా వాడికి నా గొంతు గుర్తుంటుందా, ఫోన్లో ఉన్న బట్టల కొట్టు ప్రకటనే మిగులుతుందా? పెదాలు కదపకుండా లోపలే దుర్యోధనుణ్ణి మొదలుపెట్టాను. రెండో వాక్యానికే గుక్క తిరగలేదు. చీకట్లో ఆ మహారాజు సభలో తడబడి నిలబడ్డాడు. నేను ఏడ్చాను. ఏడిస్తే ఊపిరి ఖర్చవుతుందని ఆపేశాను.

రెండింటికి పదహారు. నాలుగింటికి మళ్ళీ లెక్క. పద్నాలుగు, పదిహేను దాకా ఇద్దరం కలిసి చెప్పాం. తర్వాత ఆమె ఆగిపోయింది, నా పెదాలే చూస్తోంది. పదహారు అన్నాను. ఆరింటికీ పదహారే. అక్కణ్ణుంచి తగ్గలేదు.

అయిదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. రోజుకి ఆరు సీసాలు. మూడు లక్షల పైన అయింది. వేలమంది దానం చేసిన రక్తంలోని ప్లాస్మా కలిపితే గాని ఆ మందు తయారవదని డాక్టరు చెప్పాడు. ఎవరెవరివో! ఏ కులమో, ఏ పార్టీయో! వాళ్ళకి దణ్ణం పెట్టాలంటే ఏ వైపు తిరగాలో తెలియక సెలైన్ స్టాండుకే పెట్టాను.

ఇంటికి వచ్చాక కంటికి రాత్రిళ్ళు ప్లాస్టరు వేసుకుని పడుకునేవాణ్ణి, రెప్ప పడేది కాదు. వాకర్‌తో గది దాటడానికి పది నిమిషాలు. జనవరిలో పుణెలో ఒక్కసారిగా ఈ జబ్బు కేసులు బయటపడ్డాయి, ఫిబ్రవరికి గుంటూరు పెద్దాసుపత్రిలోనూ. టీవీల్లో ఎర్రక్షరాలతో "కొత్త వైరస్" అని అరుపులు. మా చుట్టాల్లో ఇద్దరు పిల్లల్ని తీసుకుని రావడం మానేశారు. ఇది వైరస్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, 1916 నాటిదని ఫోన్లో చెప్పీ చెప్పీ నా గొంతుకి మంచి వ్యాయామం అయింది. కాళ్ళలో తిమ్మిరితోపాటు బలం తగ్గుతూ, అది రోజురోజుకీ పైకి పాకుతుంటే మాత్రం ఎవరు టెన్షన్ అన్నా వినకండి. సుత్తి తీసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఎమ్మెల్యే ఉత్తరంతో సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టుకుంటే 60,000 వచ్చింది. చెక్కు ఇచ్చేటప్పుడు ఫ్లెక్సీ ముందు వాకర్‌తో సహా నిలబెట్టి ఫోటో తీశారు. వాకర్ కనపడేలా జరగమన్నారు. కోపం వచ్చింది, జరిగాను. ఆ డబ్బు ఫిజియోథెరపీకి నిజంగా అక్కరకొచ్చింది, అదీ చెప్పాలి.

మా సౌండు ఇంజనీరు ఒకరోజు మైకు, దుప్పట్లు తెచ్చి మా పడగ్గదినే స్టూడియో చేశాడు. అక్కినేని 'మనం' డబ్బింగ్ మంచం మీంచే చెప్పారు, నీకేం రోగం అన్నాడు. అలా అయిదో భాగం పూర్తయింది. వరదలో పిల్లల్ని దాటించిన పడవవాడి పాత్ర నాదే. ఒక గుక్కలో చెప్పాల్సింది మూడు గుక్కల్లో చెప్పాను. నిజానికి తెడ్డు వేసేవాడు అలాగే మాట్లాడతాడు. మొదటిసారి రాసినప్పుడు నాకు తట్టలేదు.

మా ఆవిడ కనకదుర్గమ్మకి నేను మెట్లదారిన కొండెక్కుతానని మొక్కింది. నన్నడిగి మొక్కలేదు. నాకు అంత నమ్మకం లేదు కానీ ఆ రాత్రి నాలుగింటికి పదహారు దగ్గర ఏం ఆగిందో కూడా నాకు తెలియదు కాబట్టి, ఎక్కుతానన్నాను. ఇప్పటికి మా మేడమెట్లు రెయిలింగు పట్టుకోకుండా ఎక్కుతున్నాను. ఈ దసరాకి కొండెక్కుతాను, గాజులూ విడిపిస్తాను అని మాటిచ్చాను. కొండ సంగతి నమ్మింది. గాజుల సంగతి వినగానే, ఏ సంవత్సరం దసరానో కూడా చెప్పమంది.