ఆక్టేవియాకు సరిపడిన టర్బో: విజయనగరంలో పద్నాలుగు నెలల నా అనుభవం

నా కారు 2004 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. ఇంజను 1781 సీసీ, సిలిండరుకు ఐదు వాల్వులు, కంపెనీ ఇచ్చిన శక్తి 150 హార్స్‌పవర్. దానికి వచ్చిన కే03 టర్బో (ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే పరికరం) చాలా చిన్నది కాబట్టి రెండు వేల ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాటీ దాటకముందే గాలి అందించడం మొదలుపెట్టేది. విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, మలుపు మలుపుకీ వేగం తగ్గించి మళ్లీ అందుకోవలసిన ఆ దారిలో, అంతకన్నా మంచి టర్బో నాకు అక్కరలేదనిపించేది.

అయితే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ మీద మొదటిసారి నడిపినప్పుడు దాని పరిమితి స్పష్టంగా తెలిసింది. ఇంజనును నడిపే కంప్యూటరైన ఈసీయూలో ట్యూన్ మార్చి 1 బార్ బూస్ట్ (వాతావరణ ఒత్తిడి పైన టర్బో కలిపే ఒత్తిడి) అడిగితే, అది 3000 దగ్గర ఆ బార్ ఇచ్చేది గానీ 6000 చేరేసరికి 0.6కి జారిపోయేది. ఇంజను ఇంకా తిరగడానికి సిద్ధంగానే ఉన్నా టర్బోలో ఊపిరి అయిపోయేది.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్టరైన బండిని తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఆ మాటనే స్పష్టం చేసింది. అందుకని టర్బో మార్చాలని నిర్ణయించుకున్న నాటి నుంచి ఈ కారును రోడ్డు మీద తిప్పడం పూర్తిగా మానేశాను. అది లారీ ఎక్కి ట్రాక్‌కు వెళుతుంది, లారీ మీదే తిరిగి వస్తుంది.

మొదటి ఎంపికలో నేను చేసిన పొరపాటు ఒక్కటే. ఎంత శక్తి కావాలని మాత్రమే ఆలోచించాను, ఏ ఆర్పీఎంలో కావాలని ఆలోచించలేదు. పాత విడిభాగాలు అమ్మే ఒకాయన, దీనితో మూడు వందల హార్స్‌పవర్ పైనే వస్తుందని చెప్పి, గాలిని ఒత్తే కంప్రెసర్ చక్రం బయటి వ్యాసం 71 మిల్లీమీటర్లున్న టర్బోను అమ్మాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఆ టర్బో అంత గాలిని నిజంగానే అందించగలదు. కానీ నా ఇంజను నుంచి వెలువడే ఎగ్జాస్ట్‌తో దాని టర్బైన్ తగినంత వేగం అందుకునేసరికి 4500 దాటేది. ట్రాక్ మీద నెమ్మది మలుపు నుంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, కారు చాలాసేపు ఏమీ జరగనట్టే ఉండి, తరువాత ఒక్కసారిగా ముందు చక్రాలు జారేంత బలంగా లాగేది. ల్యాపు సమయం కే03 ఉన్నప్పటికన్నా పెరిగింది. ఇంత ఖర్చు పెట్టి, ఇంత శ్రమపడి కారును నెమ్మది చేసుకున్నానని తెలిసిన ఆ రోజు చాలా బాధపడ్డాను.

తిరిగి వచ్చాక వీటీ అగ్రహారం వైపు ఉన్న ఒక లారీ షెడ్డుకు వెళ్లాను. అక్కడి మేస్త్రి గారు ముప్పై ఏళ్లుగా లారీ టర్బోలు విప్పి బాగుచేస్తున్న మనిషి. చక్రాన్ని వేలితో తిప్పి చూసి, "ఏటి బాబూ, ఇంత పెద్దది బిగించీసావు? లారీకైతే పనంతా పన్నెండొందల నుంచి రెండు వేల ఐదొందల లోపే. నీది ఆరు వేల దాకా తిరుగుతాది. నువ్వు ఎక్కడెక్కడ తొక్కుతావో ముందు అది సూసుకో" అన్నారు. డీజిల్ లారీ ఇంజను తిరిగే పరిధి ఇరుకు కాబట్టి దానికి టర్బోను జత చేయడం సులువని, పెట్రోలు ఇంజను పరిధి వెడల్పు కాబట్టి ఏదో ఒక చివర వదులుకోక తప్పదని ఆయన మాటతో నాకు అర్థమైంది. ఏ చివర వదులుకోవచ్చో తెలియాలంటే ముందుగా నేను ఏ ఆర్పీఎంలో నడుపుతున్నానో తెలియాలి.

ఆ రాత్రే ట్రాక్ నుంచి తెచ్చిన డేటాను విప్పి కూర్చున్నాను. 31 ల్యాపుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల సమయం ఇంజను 3800కీ 6300కీ మధ్యే ఉంది. 3500 కిందికి పడింది ఒకే ఒక్క మలుపులో. అంటే 3500కల్లా బూస్ట్ సిద్ధంగా ఉండి 6300 దాకా తగ్గకుండా నిలిస్తే చాలు. 2000లో వచ్చే లాగుడూ నాకు అక్కరలేదు, 7000లో వచ్చే శక్తీ అక్కరలేదు.

ఇక లెక్క. నేను పెట్టుకున్న లక్ష్యం 220 హార్స్‌పవర్. అంతకు మించి అడగకపోవడానికి కారణం పిస్టన్లను క్రాంక్‌కు కలిపే ఈ ఇంజను కనెక్టింగ్ రాడ్లు: టార్క్ (తిప్పే బలం) మరీ పెరిగితే అవి వంగే ప్రమాదం ఉందని ఈ ఇంజన్లతో పనిచేసినవాళ్లు హెచ్చరిస్తారు. 6000 దగ్గర 220 హార్స్‌పవర్ అంటే టార్క్ సుమారు 260 న్యూటన్ మీటర్లు, కాబట్టి కొంత వెసులుబాటు మిగులుతుంది. టర్బో పెట్రోలు ఇంజను ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 250 గ్రాముల ఇంధనం తాగుతుందనుకుంటే, 220కి గంటకు 55 కిలోలు. ఒక పాలు పెట్రోలుకు పన్నెండు పాళ్ల గాలి చొప్పున గంటకు 660 కిలోలు, అంటే నిమిషానికి 11 కిలోల గాలి. టర్బో ఎంత గాలి పంపగలదో చూపే కంప్రెసర్ మ్యాపులు ఎక్కువగా పౌండ్లలో ఉంటాయి కాబట్టి అదే సంఖ్యను నిమిషానికి 24 పౌండ్లుగా రాసుకున్నాను.

ఈ ఇంజను 6000 దగ్గర, సిలిండర్లు 92 శాతం నిండుతాయనుకుంటే, నిమిషానికి సుమారు 4900 లీటర్లు పీలుస్తుంది. ఆ 4900 లీటర్లలో 11 కిలోల గాలి పట్టాలి. ఒత్తిడికి వేడెక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక గాలి 60 డిగ్రీలు ఉంటుందని తీసుకుంటే, సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డ్‌లో ఒత్తిడి 2.14 బార్ ఉండాలి, వాతావరణ ఒత్తిడి తీసేస్తే బూస్ట్ 1.1 బార్. ఇంటర్‌కూలర్‌లో, పైపుల్లో పోయే ఒత్తిడిని ఒకవైపు కలిపి, ఎయిర్ ఫిల్టర్ దగ్గర పోయేదాన్ని మరోవైపు తీసేసి భాగిస్తే ప్రెషర్ రేషియో (కంప్రెసర్ గాలి ఒత్తిడిని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్య) 2.4 వచ్చింది. చాలామంది ఈ నష్టాలను వదిలేసి బూస్ట్‌కు ఒకటి కలిపి ఊరుకుంటారు. అలా చేస్తే నాకు 2.1 వచ్చేది, ఎంచుకునే టర్బో చిన్నదయ్యేది.

గ్యారెట్ వంటి తయారీదారులు తమ టర్బోల కంప్రెసర్ మ్యాపులను అందరికీ అందుబాటులో ఉంచుతారు. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా ప్రెషర్ రేషియో ఉంటాయి. మధ్యలో కొండల ఎత్తులు చూపే పటంలో మాదిరిగా వలయాలుంటాయి, లోపలి వలయానికి వెళ్లేకొద్దీ కంప్రెసర్ సామర్థ్యం ఎక్కువ. ఎడమ అంచు సర్జ్ గీత. దాన్ని దాటితే గాలి వెనక్కి తన్ని చక్రం కొట్టుకుంటుంది, బేరింగులు త్వరగా పోతాయి. కుడి అంచు దాటితే చక్రం ఇక ఎక్కువ గాలి పంపలేదు.

మూడు మ్యాపుల ప్రింట్లు బల్లమీద పరిచి, నా ఇంజను బిందువులను పెన్సిలుతో గుర్తించాను. 71 మిల్లీమీటర్ల దాని మీద నా 3000 ఆర్పీఎం బిందువు సర్జ్ గీతకు బయట పడింది. 54 మిల్లీమీటర్ల చిన్న దానిలో కింది బిందువులు చక్కగా కుదిరాయి గానీ, 6000 బిందువు సామర్థ్యం 62 శాతం దగ్గరున్న కుడి అంచున పడింది. 60 మిల్లీమీటర్ల దాని మీద 3000 బిందువు సర్జ్ గీతకు ఆనుకుని ఉన్నా, 3500 నుంచి అన్నీ లోపలే ఉండి, 6000 బిందువు 74 శాతం వలయంలో కూర్చుంది.

62కీ 74కీ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఉష్ణోగ్రతగా మార్చి చూసుకున్నాను. మన ఎండల్లో 38 డిగ్రీల గాలి లోపలికి వెళితే, 74 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ నుంచి 156 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. 62 శాతమైతే 179. ఆ 23 డిగ్రీల భారమంతా ఇంటర్‌కూలర్ మీద పడుతుంది, అది మోయలేనిది సిలిండర్‌లోకి వెళ్లి నాకింగ్‌గా (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండిపోవడం) తేలుతుంది. చల్లటి దేశంలో చిన్న టర్బోతో సరిపెట్టుకోవచ్చేమో గానీ, ఏప్రిల్‌లో మన కోస్తాలో నడిపేవాడికి ఆ సర్దుబాటు చెల్లదని నా అభిప్రాయం. చిన్న టర్బోను వద్దనుకోవడానికి రెండో కారణం మళ్లీ రాడ్లే. అది తక్కువ ఆర్పీఎంలోనే బూస్ట్ మొత్తం తెచ్చిపెట్టి, రాడ్లను వంచే టార్క్‌ను సరిగ్గా అక్కడే పుట్టిస్తుంది. అలా 60 మిల్లీమీటర్లదే ఖాయం చేసుకున్నాను.

ఎగ్జాస్ట్‌తో తిరిగే టర్బైన్ వైపు ఎంచుకోవలసింది దాని చుట్టూ ఉండే హౌసింగ్ ఏ బై ఆర్. గొట్టపు కోత వైశాల్యాన్ని, ఆ కోత మధ్య నుంచి ఇరుసు మధ్యకు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. 0.64, 0.86 రెండూ దొరికాయి. పెద్దది ఎక్కువ ఆర్పీఎంలో ఎగ్జాస్ట్‌ను స్వేచ్ఛగా వదులుతుంది, చిన్నది త్వరగా వేగం అందుకుంటుంది. 3500 నా షరతు కాబట్టి 0.64 తీసుకున్నాను.

బిగించే పనిలో ఎక్కువ రోజులు పట్టింది ఆయిల్ దారికే. బాల్ బేరింగ్ టర్బోకు ఆయిల్ తక్కువ చాలు, ఎక్కువైతే సీళ్లు దాటి కారుతుంది. ఊళ్లో లేతు షాపులో ఒక మిల్లీమీటరు రంధ్రంతో, ఆయిల్‌ను తగ్గించి పంపే రిస్ట్రిక్టర్ చేయించాను. తిరుగు పైపును మొదట మరీ వాలు తక్కువగా పెట్టడంతో సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చింది. ఆయిల్ తన బరువుతోనే దిగాలి కనుక, ఆ పైపును దాదాపు నిలువుగా దించి ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో నూనె మట్టానికి పైన కలిపాక పొగ ఆగింది.

ట్రాక్ మీద మళ్లీ నడిపినప్పుడు 3400కి 1.1 బార్ వచ్చింది, 6300 దాకా నిలిచింది. ఇంజను పీల్చే గాలిని తూచే సెన్సరు 6000 దగ్గర సెకనుకు 178 గ్రాములు చూపింది. నా లెక్క ప్రకారం రావలసింది 183. లక్షలు పెట్టి కొన్న ఏ పరికరం కన్నా ఆ 178 నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది. నెమ్మది మలుపులో తొక్కిన వెంటనే కారు కదలడం మొదలుపెట్టి, చక్రాలు జారకుండా లాగుతోంది.

మిగిలింది ఒక్క ఎండ సమస్య. మే నెలలో నడిపినప్పుడు ఇంటర్‌కూలర్ దాటిన గాలి నేను లెక్కలో తీసుకున్న 60 కాకుండా 72 డిగ్రీలకు చేరింది, 95 ఆక్టేన్ పెట్రోలుతో కూడా నాకింగ్ రాకుండా ఈసీయూ ఇగ్నిషన్‌ను (స్పార్క్ ఇచ్చే సమయాన్ని) వెనక్కి జరపడం డేటాలో కనిపించింది. ప్రస్తుతానికి వేసవి కోసం 0.95 బార్‌తో వేరే ట్యూన్ పెట్టుకున్నాను, ఇంటర్‌కూలర్‌కు ముందు బంపర్ నుంచి నేరుగా గాలి చేరేలా రేకుతో దారి చేయిస్తున్నాను.