ఎంపైర్ పేరున ఒక పద్దు

మా కోనసీమలో సంక్రాంతికి పంచే కబడ్డీ టోర్నమెంటు కరపత్రం ఒకటి తీసుకుని చదవండి. మొదటి బహుమతి ఇంత, దాత ఫలానావారు, రెండో బహుమతి ఇంత, దాత వారి తమ్ముడుగారు, బెస్ట్ రైడర్‌కి ఒకటి, బెస్ట్ క్యాచర్‌కి ఒకటి, వచ్చిన జట్లకు భోజన వసతి కలదు, అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో "ఎంపైర్ల నిర్ణయమే తుది నిర్ణయం". కరపత్రం మొత్తంలో ఎంపైర్ కనిపించేది ఆ ఒక్క లైన్లోనే. ఆయన ఎవరు, ఎక్కడ నేర్చుకున్నాడు, ఆయనకి ఏమిస్తున్నారు, గొడవైతే ఆయన పక్కన ఎవరు నిలబడతారు, ఇవేవీ అందులో ఉండవు.

నేను ప్రైవేటు స్కూల్లో పీఈటీని. కబడ్డీకి, వాలీబాల్‌కి విజిల్ వేస్తుంటాను. కాబట్టి ఈ విషయంలో నాకు స్వార్థం ఉంది, అది తెలిసే చదవండి.

ఈ మధ్య యూరప్‌లో రిఫరీలు, ఎంపైర్లు, స్కోరర్లు, అంటే ఆట నడిపించేవాళ్ళందరి కోసం సంఘాలు కలిసి ప్రాజెక్టులు ఎలా చేసుకుంటాయో చదువుతూ కూర్చున్నాను. ఎరాస్మస్ ప్లస్ అని యూరోపియన్ యూనియన్ పథకం ఒకటుంది. అమలాపురంలోనో భీమవరంలోనో ఇంజినీరింగ్ పిల్లల్ని అడిగితే ఎరాస్మస్ అంటే విదేశంలో మాస్టర్స్‌కి ఇచ్చే స్కాలర్‌షిప్ కదా మాస్టారూ అంటారు. నిజమే, కానీ ఆ గొడుగు కిందే ఆటలకీ ఒక మూల ఉంది. 2009 డిసెంబరులో లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాకే యూరోపియన్ యూనియన్‌కి ఆటల విషయంలో చెయ్యి పెట్టే అధికారం వచ్చింది, అదీ పరిమితంగానే. ఒప్పందంలోని 165వ అధికరణ ఆటలు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ మీద నిలబడి ఉన్నాయని గుర్తిస్తుంది, అందుకే నాకది నచ్చింది. 2014 నుంచి ఎరాస్మస్ ప్లస్‌లో ఆటలకి విడిగా నిధులు పెట్టారు. ఇప్పుడు నడుస్తున్నది 2021-27 విడత. మొత్తం 2,600 కోట్ల యూరోల పైమాట, అందులో ఆటల వాటా 1.9 శాతం. శాతం చూస్తే చిల్లరలా ఉంటుంది గానీ ఏడేళ్ళకి కలిపి 50 కోట్ల యూరోలకి దగ్గరగా వస్తుంది.

నన్ను ఆపింది ఆ డబ్బు కాదండి, దానికి పెట్టిన షరతు. ఒక్క సంఘం, ఎంత పెద్దదైనా, ఒంటరిగా వెళ్ళి ఈ భాగస్వామ్య నిధులు అడగడానికి లేదు. చిన్న తరహా ప్రాజెక్టుకి కనీసం రెండు దేశాల నుంచి రెండు సంస్థలు, పెద్ద తరహాకి మూడు దేశాల నుంచి మూడు సంస్థలు కలిసి రావాలి. చిన్నదానికి 30 వేలో 60 వేలో యూరోలు, పెద్దదానికి లక్షా 20 వేలు, రెండున్నర లక్షలు, 4 లక్షలు, వీటిలో ఒకటి ముందే ఎంచుకోవాలి. 60 వేల యూరోలంటే మన లెక్కలో అరవై లక్షల చుట్టుపక్కల, ఆ డబ్బుతో రెండు దేశాల సంఘాలు రెండేళ్ళ వరకు పని లాక్కురావచ్చు. దరఖాస్తుకి వందకి మార్కులు వేస్తారు, అరవై రాకపోతే పక్కన పెట్టేస్తారు. ఆ వందలో 20 మార్కులు కేవలం ఈ సంస్థలు ఒకదానికొకటి ఎలా కుదిరాయి, ఎవరి పని ఏమిటి అన్నదానికే. అంటే ఎవరు ఏం చేస్తారో ముందే కాగితం మీద తేల్చుకోకుండా గుమ్మం దాటనివ్వరు. మన దగ్గర టోర్నమెంటు అయిపోయాక, షామియానా విప్పుతుండగా తేల్చుకునే లెక్కలన్నీ వాళ్ళు మొదట్లోనే తేల్చుకుంటున్నారు.

చిన్న తరహా అనే ఈ రకం ఇప్పుడున్న రూపంలో 2021లో వచ్చింది. అంతకుముందు చిన్న క్లబ్బులవాళ్ళు ఆ ఫారాలు చూసే భయపడేవారు, ఎప్పుడూ డబ్బు తెచ్చుకునేవాళ్ళే మళ్ళీ మళ్ళీ తెచ్చుకునేవారు. కొత్తవాళ్ళు, ఊరి స్థాయి క్లబ్బులవాళ్ళు కూడా రావాలని దీన్ని పెట్టారు.

ఇక రిఫరీల సంగతి. వాళ్ళకి విడిగా సాయం ఎందుకు అనేవాళ్ళకి మూడు సంగతులు చెప్తాను. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అల్మేరెలో కుర్రాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లైన్స్‌మన్‌గా నిలబడ్డ ఒక స్వచ్ఛంద కార్యకర్త ఆటగాళ్ళ చేతిలో దెబ్బలు తిని మర్నాడు చనిపోయాడు. తర్వాతి వారాంతం దేశమంతా అమెచ్యూర్ మ్యాచ్‌లు ఆపేశారు. 2019 అక్టోబరులో బెర్లిన్‌లో అమెచ్యూర్ ఫుట్‌బాల్ రిఫరీలు ఇక మావల్ల కాదని ఒక వారాంతం సమ్మె చేస్తే వెయ్యికి పైగా మ్యాచ్‌లు రద్దయ్యాయి. 2023 డిసెంబరులో అంకారాలో టర్కీ మొదటి డివిజన్ మ్యాచ్ అయ్యీ అవ్వగానే సొంత మైదానంలో ఆడిన క్లబ్బు అధ్యక్షుడే లోపలికి వచ్చి రిఫరీ హలీల్ ఉముత్ మెలెర్ ముఖం మీద గుద్దాడు, దాంతో లీగులు వారం పాటు ఆగిపోయాయి. మూడోదాంట్లో రిఫరీ అంతర్జాతీయ స్థాయివాడు, టీవీ కెమెరాలన్నీ ఉన్నాయి, పోలీసులు ఉన్నారు, అయినా దెబ్బ తప్పలేదు. మరి ఊరి చివర గ్రౌండులో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మొదటిసారి విజిల్ పట్టుకుంటే వాడి టెన్షన్ ఎలా ఉంటుంది? వాడు మళ్ళీ వస్తాడా? రాకపోతే తప్పు ఎవరిది?

అందుకే అక్కడ రిఫరీల ప్రాజెక్టుల్లో రూల్స్ పాఠాల కంటే మిగతా విషయాలే ఎక్కువ కనిపిస్తాయి. కొత్త రిఫరీకి పాతవాడొకణ్ణి తోడు పెట్టడం, తిట్లు తిన్నాక ఎవరితో మాట్లాడాలి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి, ఆడపిల్లల్ని ఈ పనిలోకి ఎలా తేవాలి, ఉద్యోగమో చదువో చేసుకుంటూ వారాంతాల్లో విజిల్ వేసేవాళ్ళు రెండూ ఎలా నెట్టుకురావాలి వగైరా. వాలీబాల్ సంఘం ఒకచోట చేసి చూసింది ఇంకో దేశంలో హ్యాండ్‌బాల్ సంఘానికీ పనికొస్తుంది, ఎందుకంటే తిట్లకి ఆటతో సంబంధం లేదు.

అన్నీ బంగారమే అనడం లేదు. ఈ ప్రాజెక్టుల్లో కాగితాల గోల తక్కువేం కాదు. మొదలుపెట్టడానికి ఒక మీటింగు, మధ్యలో ఒక మీటింగు, చివర అందరి లోగోలతో ఒక పెద్ద పీడీఎఫ్. పక్క ప్రాజెక్టువాళ్ళు రెండేళ్ళ కిందట రాసిన మార్గదర్శకాన్నే మళ్ళీ ఇంకో పేరుతో రాసినట్టుండేవి కూడా చదివాను. డబ్బు ఆగగానే పని ఆగిపోయే ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది. అయినా ఆ పీడీఎఫ్‌లు దాచిపెట్టుకోరు, ఫలితాలన్నీ అందరూ చూసేలా పెట్టాలి, అందుకే సఖినేటిపల్లిలో కూర్చుని నేను ఉచితంగా చదవగలిగాను. మన దగ్గర రిఫరీ క్లినిక్కులు, అంటే శిక్షణ తరగతులు, జరగడం లేదని కాదు, జరుగుతాయి, నేనూ వెళ్ళాను, కానీ వెళ్ళినవాడి నోట్‌బుక్కులో ఉన్నది పక్క మండలంవాడికి చేరదు.

చేరకపోతే ఏమవుతుందో చెప్తాను. కబడ్డీ రూల్స్ మా ఊళ్ళలో చాలామందికి ఇప్పుడు ప్రో కబడ్డీ నుంచే వస్తున్నాయి. 2014లో ఆ లీగు టీవీలో మొదలయ్యాక సూపర్ టాకిల్, డూ ఆర్ డై రైడ్ తెలియని పిల్లాడు లేడు. పిల్లలకి తెలియడం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు, కానీ షష్ఠి తీర్థంలో, అంటే జాతరలో, మ్యాచ్ పెట్టిన కమిటీ ఏ రూల్స్‌తో ఆడిస్తోందో కమిటీకే తెలియదు. రైడర్ లాబీలో, అంటే కోర్టుకి రెండు పక్కలా ఉండే పట్టీలో, అడుగుపెట్టాడు, వెనకే నలుగురు దిగారు, ఎవరు అవుట్? ఒకడు టీవీ రూల్ అంటాడు, ఒకడు పాత రూల్ అంటాడు, మూడోవాడు ఫోన్లో వీడియో తీసి నా మొహం దగ్గర పెడతాడు. నవ్వకండి, 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇండియా, ఇరాన్ మగవాళ్ళ కబడ్డీ ఫైనల్ దాదాపు గంటసేపు ఆగింది కూడా ఇదే లాబీ దగ్గర, పాత రూలా కొత్త రూలా అనే. ఆఖరికి మనమే 33-29తో గెలిచాం కాబట్టి మనవాళ్ళెవరూ దాన్ని పెద్దగా తలుచుకోరు. ఓడిపోయుంటే ఈపాటికి ఆ రిఫరీల వంశవృక్షాలు కూడా వాట్సాప్‌లో తిరిగేవి.

ఇంకోటి, లెక్క ప్రకారం కబడ్డీ మ్యాచ్‌కి ఒక రిఫరీ, ఇద్దరు ఎంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు, మొత్తం ఆరుగురు ఉండాలి. మా తీర్థాల్లో విజిళ్ళు రెండు, స్కోరుకి ఎదురుగా ఖాళీగా కూర్చున్న ఇంటర్ కుర్రాడు ఒకడు. మర్యాదకి మాత్రం ఏమీ లోటుండదు, గోదావరి జిల్లాలు కదా, రొయ్యల ఇగురు వద్దన్నా వడ్డిస్తారు, చివర్లో శాలువా కప్పి ఫొటో తీస్తారు. బండి పెట్రోలు డబ్బులు అడగాలంటే మాత్రం మనకే మొహమాటం, వాళ్ళకీ మొహమాటం, ఆ మొహమాటంలోనే ఇల్లు చేరిపోతాం.

ఈ గడ్డ మీద ఆట నడిపించే పని గొప్పగా చేసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. జి.ఎస్. లక్ష్మిగారు పుట్టింది రాజమహేంద్రవరంలోనే. 2019 మేలో ఐసీసీ మ్యాచ్ రిఫరీల ప్యానెల్లోకి వెళ్ళిన తొలి మహిళ ఆవిడ, అదే ఏడాది డిసెంబరులో మగవాళ్ళ వన్డేకి రిఫరీగా ఉన్న తొలి మహిళ కూడా ఆవిడే. బ్యాడ్మింటన్ ఆడే అమలాపురం సాత్విక్ సాయిరాజ్ గురించి ఎవరిని అడిగినా చెప్తారు, లక్ష్మిగారి పేరు అడిగి చూడండి. ఆవిడ ముందు క్రికెట్ ఆడారు, ఆ తర్వాత రిఫరీ అయ్యారు. మా స్కూళ్ళలో కబడ్డీ బాగా ఆడిన ఆడపిల్లలు ఇంటర్ అవ్వగానే ఆట మానేస్తారు, ఎందుకు మానేస్తారో అందరికీ తెలుసు. వాళ్ళని స్కోరింగ్‌కో లైన్ మీదకో పిలిస్తే ఇంట్లో అంత అభ్యంతరం పెట్టరని నా నమ్మకం. పెద్ద మైదానాల సంగతి వేరు, కనీసం ఆడపిల్లల స్కూల్ మ్యాచ్‌లకైనా వాళ్ళే ఎంపైర్లుగా ఉండొచ్చు కదా.

యూరప్ డబ్బుకి మనం దరఖాస్తు పెట్టలేం, పెట్టేవాళ్ళు ఆ యూనియన్ దేశాలవాళ్ళో దానితో ఒప్పందం ఉన్న దేశాలవాళ్ళో అయ్యుండాలి. కానీ ఒంటరిగా రావద్దు, ముందే రాసుకోండి అన్న పద్ధతికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం. 2022లో జిల్లాలు విడదీశారు గానీ మాకు తేడా రాలేదు, అప్పుడూ వశిష్ఠ గోదావరికి ఆ ఒడ్డు ఒక జిల్లా, ఈ ఒడ్డు ఒక జిల్లా, ఇప్పుడూ అంతే. దాంతో సంఘాలూ వేరు, క్లినిక్కులూ వేరు, ఎంపైర్ల జాబితాలూ వేరు. ఆ ఒడ్డున జరిగే మ్యాచ్‌కి ఈ ఒడ్డు ఎంపైర్ వెళ్తే ఒక లాభం ఉంది, రెండు జట్లలో ఎవరూ ఆయనకి బావమరిది కారు. మాలో సగం గొడవలు రూల్స్ వల్ల కాదండి, బంధుత్వాల వల్ల.

నా ఆలోచన ఇది. నేర్చుకోవడానికి ఏదో ఒక స్కూలు తన గ్రౌండూ, ఒక గదీ ఇవ్వాలి. రెండు ఒడ్డుల సంఘాలూ పరీక్ష పాసైన ఎంపైర్లని చెరొకరిని పంపాలి. తీర్థం కమిటీలు ప్రైజ్‌మనీలో నూటికి ఐదు రూపాయలు ఎంపైర్ల పేరున విడిగా రాసి, ఆ అంకె కరపత్రంలో వెయ్యాలి. మొదటి బహుమతి దాత పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేసుకున్నా సరే, ఆ కిందే ఈ పద్దు కూడా కనపడాలి. ఏ రూల్స్‌తో ఆడిస్తున్నారో ఆ ముక్క కూడా అందులోనే ఉంటే లాబీ దగ్గర పంచాయితీ సగం తగ్గుతుంది. కొత్తగా విజిల్ పట్టినవాడికి మొదటి టోర్నమెంటు అంతా ఒక పాతవాడు పక్కన ఉండాలి, ఊరికే నిలబడినా చాలు. ఎంపైర్ మీద చెయ్యి చేసుకున్న ఆటగాణ్ణి ఒక ఒడ్డున ఆపితే రెండో ఒడ్డున కూడా ఆపాలి, లేకపోతే ఇక్కడ నిషేధం పడినవాడు పంటు ఎక్కి వెళ్ళి అక్కడ బెస్ట్ రైడర్ కప్పు తెచ్చుకుంటాడు.

ఇదంతా పెద్ద సంస్థలు చెయ్యాల్సిన పని కదా అని ఒక సీనియర్ మాస్టారు అన్నారు. అవ్వొచ్చు, వాళ్ళు చేస్తే మంచిదే, మేం ఆగిపోతాం. ఈలోపు దసరా సెలవుల్లో రెండు రోజులు కూర్చుందామని నాలాంటి పీఈటీలు కొందరం అటూ ఇటూ మాట్లాడుకున్నాం. నరసాపురం వైపు స్కూలువాళ్ళు గ్రౌండు ఇస్తామన్నారు, మా వైపు నుంచి స్కోర్ షీట్లు, బోర్డు తీసుకెళ్తాం, వాలీబాల్‌కి కూడా ఒక పూట కేటాయించాం. భోజనాల ఖర్చు ఏ ఒడ్డుదో మాత్రం ఇంకా తేలలేదు.